మట్టి మీద ఆడిన కాళ్లు, మ్యాట్ మీద రెండు రోజులు

శుక్రవారం సాయంత్రం శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, ప్లాట్‌ఫాం మీదే, మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడం గోనెసంచి మూతి విప్పి బూట్లు బయటికి తీశారు. ఎనిమిది జతలు. మా కబడ్డీ జట్టు పన్నెండు మందిమి. నాలుగు జతలు తెలిసిన జట్టు దగ్గర అడిగి తెచ్చినవి, నాలుగు ఆవిడ తన డబ్బుతో కొన్నవి. "ఎవరి కాలికి ఏవి పడతాయో ఇక్కడే చూసుకోండమ్మా, అక్కడికెళ్లాక టైం ఉండదు" అన్నారు. రైలు కోసం నిలబడ్డ జనం మా చుట్టూ చేరి చూస్తున్నారు. నాకు వచ్చిన జత ఒక సైజు పెద్దది. ముందు భాగంలో గుడ్డముక్క కుక్కి, రెండు జతల సాక్సులు వేసుకుంటే కదలకుండా నిలిచింది.

కబడ్డీకి బూట్లు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అప్పటిదాకా అలాగే ఉండేది. మా కాలేజీలో కోర్టు అంటే మట్టి కోర్టే. పొద్దున్నే నీళ్లు చల్లి, కాస్త ఆరాక సున్నంతో గీతలు గీసుకుని ఉత్తకాళ్లతో ఆడతాం. నవంబరు చివర్లో విశాఖపట్నంలోని ఒక కాలేజీ నుంచి లెటర్ వచ్చింది. ఉత్తరాంధ్ర డిగ్రీ కాలేజీల అమ్మాయిలకు కబడ్డీ టోర్నమెంట్, పన్నెండు జట్లు, డిసెంబరులో ఒక శని ఆదివారాలు, మ్యాచ్‌లన్నీ మ్యాట్ మీద. ఆ చివరి మాట చదివి, తీసుకెళ్లాలా వద్దా అని మేడం రెండు రోజులు ఆలోచించారట. ఈ సంగతి మాకు రైల్లో చెప్పారు.

నేను డిగ్రీ సెకండియర్. ఎడమ కార్నర్ ఆడతాను, అంటే ఎడమ మూల నిలబడి కూతకొచ్చినవాళ్లని పట్టడం నా పని. కబడ్డీ చూసేవాళ్ల కళ్లన్నీ కూతకొచ్చిన రైడర్ మీదే ఉంటాయి. మా ఆటంతా ఆ కాళ్ల దగ్గర ఉంటుంది. అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత కోసం రైడర్ కాలు చాపినప్పుడు చీలమండ దొరకబుచ్చుకోవాలి. యాంకిల్ హోల్డ్ అంటారు, మా ఊళ్లో కాలిపట్టు అంటాం. ఎనిమిదో తరగతి నుంచి నేను నేర్చుకున్నది ఆ ఒక్క పట్టే.

ఇంట్లో ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. నాన్న రైసుమిల్లులో కలాసీ. ఆయన ఒక్క మాటే అడిగాడు, మేడం మీతోనే పడుకుంటారా అని. పడుకుంటారన్నాను. సంతకం పెట్టేశాడు. గొడవంతా అమ్మతోనే వచ్చింది. గోళ్లు కత్తిరించుకోవాలి, గాజులు, దిద్దులు, ముక్కుపుడక తీసేయాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు అని రూల్సు చదివితే అమ్మ ముఖం మారిపోయింది. "ముక్కుపుడక తీసీడమేటే? బోడిముక్కుతో ఎల్తావా?" అంది. చివరికి తనే తీసి, పసుపు రాసిన కాగితంలో చుట్టి, దేవుడి గూట్లో పెట్టింది. తిరిగొచ్చిన రాత్రి నేను అడక్కుండానే మళ్లీ పెట్టింది.

బోనఫైడ్ సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల జాబితా జిరాక్సు, ప్రిన్సిపాల్ సంతకం ఉన్న ఫొటో ఫారం, ఇంటి నుంచి అనుమతి లెటర్. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని మేడం ఆ రెండు రోజులూ చంక దిగనివ్వలేదు.

రైలు పొందూరు, చీపురుపల్లి, విజయనగరం మీదుగా వెళ్తోంది. విజయనగరంలో సగం పెట్టె ఖాళీ అయింది. అప్పుడు కెప్టెన్ అక్క మా చిన్న రైడర్‌ని లేపి సీట్ల మధ్య నిలబెట్టింది. సీతంపేట వైపు కొండ ఊరి నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి, బరువు 44 కిలోలు. జట్టులో అందరికంటే చిన్నది కాబట్టి అందరం చిన్నదీ అనే పిలుస్తాం. తనకి కాళ్లలో చురుకుంది కానీ కూత సన్నగా వస్తుంది. కూత వినపడకపోతే అంపైర్ అవుటిచ్చేస్తాడు. "ఆ పెట్టె చివర కూర్చున్న తాతగారికి వినపడాలి" అంది అక్క. చిన్నది కళ్లు మూసుకుని "కబడ్డీ కబడ్డీ" అంటూ ముప్పై సెకన్లు గుక్క తిప్పుకోకుండా లాగింది. తాతగారు చప్పట్లు కొట్టారు. కొత్తవలస వచ్చేదాకా అది అలా ఐదారుసార్లు కూత పెట్టింది.

విశాఖలో దిగేసరికి ఎనిమిది దాటింది. డిసెంబరులో మా ఊళ్లో ఆ టైముకి స్వెట్టర్ కావాలి. అక్కడ గాలిలో తేమ, ఒంటికి అంటుకునే వెచ్చదనం. మూడు ఆటోల్లో వెళ్తుంటే దారిలో మేడం పోర్టు స్టేడియం ఉన్న వైపు చెయ్యి చూపించారు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్‌కి ఈ ఊరే సొంతూరు. నేనప్పుడు రెండో తరగతో మూడో తరగతో. మా వీధిలో టీవీ ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని చూసేవాళ్లం. ఆ ఊరికి నేను కబడ్డీ ఆడడానికి వస్తున్నాను అన్న ఆలోచన ఆటోలో ఉండగా వచ్చింది. పక్కనున్న కుడి కార్నర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎందుకో తను అడగలేదు.

మాకిచ్చిన బస ఒక క్లాస్‌రూం. బెంచీలు గోడవారకు జరిపి, కింద టార్పాలిన్ పరిచి ఉంచారు. రాత్రి పదింటికి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. అక్కడి వాచ్‌మన్ భార్య, పేరు కూడా అడగలేదు నేను, తన ఇంటి డ్రమ్ములోంచి నాలుగు బకెట్లు మోసుకొచ్చి ఇచ్చింది. "ఆడే గుంటలు, ముఖాలైనా కడుక్కోకుండా ఎలా పడుకుంటారు" అంది. ఆవిడ తర్వాతి రోజు మా మ్యాచ్ చూడ్డానికి వచ్చింది కూడా.

శనివారం ఉదయం ఆరున్నరకి మ్యాట్ మొదటిసారి దగ్గరగా చూశాను.

మీటరుకి మీటరు పలకలు. అంచుల్లో పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి బిగించి ఉన్నాయి. వేలితో నొక్కితే లోపలికి దిగి మెల్లగా పైకొస్తుంది. కొత్త చెప్పుల వాసన. అమ్మాయిల కోర్టు కొలతలు మాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8, మధ్య గీత నుంచి, రైడర్ తప్పక దాటాల్సిన బాక్ లైన్ 3 మీటర్లు, దాని వెనక మీటరు దూరంలో బోనస్ గీత. మా కాలేజీలో నేనే టేపు పట్టి గీస్తాను. ఇక్కడా అవే కొలతలు. అయినా గీతల మధ్య నిలబడితే కోర్టు చిన్నదైపోయినట్టు అనిపించింది. మట్టి మీద గీత ఆట మధ్యలో చెరిగిపోతుంది, పాదం కాస్త అటూ ఇటూ అయినా తెలియదు. ఇక్కడ గీత కత్తితో కోసినట్టుంది.

అడుగు వేశాను. బూటు కీచుమంది. మట్టి మీద మన కాలివేళ్లు నేలను పట్టుకుంటాయి. తడి ఎక్కడుందో, పొడి ఎక్కడుందో పాదానికి తెలుస్తుంది. బూటు వేసుకున్నాక ఆ కబురు ఆగిపోయింది. నా పాదం ఎక్కడుందో నేను కళ్లతో చూసుకోవాల్సి వచ్చింది.

తొమ్మిదిన్నరకి మొదటి మ్యాచ్. మూడేసి జట్లతో నాలుగు పూల్స్, ఒక్కో పూల్‌లో మొదటి జట్టే సెమీస్‌కి. మా పూల్‌లో ఒకటి విశాఖ కాలేజీ, ఇంకొకటి విజయనగరం జిల్లా నుంచి వచ్చిన కాలేజీ. మొదట విశాఖ వాళ్లతో. వాళ్లు రోజూ మ్యాట్ మీదే ఆడేవాళ్లని వార్మప్ చూస్తేనే తెలిసిపోయింది.

రెండో నిమిషంలోనే వాళ్ల మెయిన్ రైడర్ నా వైపు వచ్చింది. పొడుగమ్మాయి. ఎడమకాలు బోనస్ గీత మీదికి చాచింది. నేను దూకాను. చేతులకి గాలి తగిలింది. ఆ కాలు వెనక్కి వెళ్లిపోతూ బూటు ముందు భాగంతో నా మోచెయ్యి ముట్టుకుంది. బోనస్ పాయింటు, నేను అవుట్. రెండు పాయింట్లు.

కోర్టు వెనక సిటింగ్ బ్లాక్‌లో కూర్చున్నాను. అవుటైనవాళ్లు ఏ వరసలో అవుటయ్యారో ఆ వరసలోనే కూర్చోవాలి, ఆ వరసలోనే లోపలికి రావాలి. ఊళ్లో ఆడేటప్పుడు దీన్ని చావడం, బతకడం అంటాం. నేను చచ్చాను. మనవాళ్లు అవతలివాళ్లలో ఒకరిని అవుట్ చేస్తే నేను బతుకుతాను. అక్కడ కూర్చున్నప్పుడు మన చేతుల్లో ఏమీ ఉండదు. 44 కిలోల చిన్నది ఏడుగురి మీదికి కూతకి వెళ్తుంటే, నన్ను బతికించడానికే వెళ్తోందని అనిపిస్తుంది. అరవడం తప్ప చేయగలిగింది లేదు. నా తర్వాత కుడి కార్నర్ వచ్చి కూర్చుంది, తన తర్వాత కెప్టెన్ అక్క. ఆ మ్యాచ్‌లో నేను నాలుగుసార్లు ఆ బ్లాక్‌లో కూర్చున్నాను. రెండుసార్లు లోనా అయ్యాం, అంటే జట్టుకి జట్టు అవుట్. 19–31తో ఓడిపోయాం.

ఓటమికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే. నా పట్టు పనిచేయలేదు. ఆరేళ్లుగా నాకు అన్నం పెట్టిన పట్టు అది, అలా అనడం నాకు ఎక్కువేం కాదు. నాలుగు దూకుళ్లలో ఒక్క కాలు కూడా చేతికి చిక్కలేదు.

పడిన చోటల్లా చర్మం లేచిపోయింది. మట్టిలో పడితే గీసుకుపోతుంది, నెత్తురొస్తుంది, మట్టి అద్దుకుంటే ఆగిపోతుంది. మ్యాట్ మీద నెత్తురు రాలేదు. మోకాలి కింద, మోచేతుల మీద అరచెయ్యంత మేర ఎర్రగా, వేడి పెనం తగిలినట్టు కాలింది. నీళ్లు పోసుకుంటే ఒళ్లంతా మంట. కొబ్బరినూనె రాద్దామంటే మధ్యాహ్నం మళ్లీ మ్యాచ్, నూనె కూడదు. చల్లటి గుడ్డ వేసుకుని పడుకున్నాం. వాచ్‌మన్ భార్య రెండు మంచినీళ్ల సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చింది.

అన్నం దగ్గర మేడం నా పక్కన కూర్చున్నారు. పప్పన్నం, అరటిపండు. నన్ను తిట్టలేదు. "నీ పట్టులో తప్పు లేదమ్మా. ఆ అమ్మాయి కాలు ఎప్పుడు జారుతుందా అని చూస్తున్నావు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, లేచి, కాలు చాచి చూపించారు. మట్టి మీద రైడర్ కాలు చాచి వెనక్కి తిరిగేటప్పుడు పాదం ఒక్క అరక్షణం జారుతుంది. నేను ఇన్నేళ్లూ ఆ అరక్షణంలోనే పట్టుకుంటున్నాను, నాకు తెలియకుండానే. మ్యాట్ మీద బూటు జారదు. ఆనగానే వెనక్కి వెళ్లిపోతుంది. "కాలు చూడకు. రెండో కాలి మోకాలు చూడు. అది వంగిందంటే బరువంతా దాని మీద వేసిందన్నమాట. ఈ కాలు రాబోతోంది. అది నేలకి ఆనేటప్పటికే నువ్వక్కడ ఉండాలి." ఇంకో మాట చెప్పారు. మట్టి మీద నేను కాలు పట్టి వెనక్కి లాగుతాను. ఇక్కడ లాగితే బూటు నేలను కరుచుకుంటుంది, లాగినకొద్దీ అవతలమ్మాయికే బలం. "లాగకు. లేపు. కాలు నేల మీద ఉన్నంతసేపూ పట్టు ఆమెది. నేల వదిలిందంటే నీది."

అన్నం చేతులతోనే వరండాలో కుడి కార్నర్‌ని నిలబెట్టి పదిసార్లు చేసి చూశాను.

మూడింటికి విజయనగరం వాళ్లతో. వాళ్లూ మాలాగే మట్టి కోర్టు వాళ్లే, బూట్లు చూస్తే తెలిసింది. ఐదో నిమిషంలో వాళ్ల రైడర్ నా వైపు తిరిగింది. నేను ఆమె చాచబోయే కాలు చూడలేదు. కుడి మోకాలు వంగడం చూశాను. దూకాను. ఎడమకాలు నా రెండు చేతుల్లోకే వచ్చి దిగినట్టయింది. రొమ్ముకి హత్తుకుని లేపాను. ఒంటికాలి మీద ఆమె గెంతుతుండగా కెప్టెన్ అక్క పక్కనుంచి డాష్ ఇచ్చింది, మిగతావాళ్లు మీద పడ్డారు. విజిల్. అక్క నన్ను లేపలేదు, నా మీదే పడి తలమీద తల ఆనించింది.

ఆ మ్యాచ్‌లో అలాంటివి ఐదు పట్టాను. ఆఖరి నాలుగు నిమిషాల్లో మేం పది పాయింట్ల పైన ముందున్నాం. మట్టి కోర్టులో అయితే అక్కడితో ఊపిరి పీల్చుకునేవాళ్లం. మేడం గీత అవతల నుంచి అరుస్తూనే ఉన్నారు, "ఆగొద్దు, ప్రతి పాయింటూ కావాలి" అని. ఎందుకో నాకు బోధపడలేదు, ఆడుతూ పోయాం. 36–20.

బయటికొచ్చాక మేడం నోట్‌బుక్‌లో లెక్క చూపించారు. మొదటి మ్యాచ్‌లో 12 మైనస్, ఇందులో 16 ప్లస్, మొత్తం మీద మాకు 4 ప్లస్. విశాఖ జట్టుకి 12 ప్లస్. సాయంత్రం వాళ్లకీ విజయనగరం వాళ్లకీ మ్యాచ్. విజయనగరం గెలిస్తే మూడు జట్లకీ ఒక్కో గెలుపు, అప్పుడు పాయింట్ల తేడా చూస్తారు. మేం సెమీస్‌కి వెళ్లాలంటే విజయనగరం కనీసం 9 తేడాతో గెలవాలి. ఇందాక మా చేతిలో ఓడిన అమ్మాయిలు, మమ్మల్ని ఓడించిన జట్టుని, 9 తేడాతో.

అయినా అందరం వెళ్లి కూర్చున్నాం. విశాఖ వాళ్లు మెయిన్ రైడర్‌ని బెంచీ మీద ఉంచారు. మర్నాటి సెమీస్ కోసం అలసట లేకుండా చూసుకున్నారు, వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. విజయనగరం అమ్మాయిలు కోల్పోయేది లేనట్టు ఆడారు. ఫస్టాఫ్‌కి 6 తేడా. సెకండాఫ్ మధ్యలో 10. అప్పుడు ఆ పొడుగమ్మాయిని దింపారు. వచ్చీరాగానే రెండు తెచ్చింది, తేడా 8కి దిగింది. మేం ఒకరి చేతులొకరం పట్టుకుని కూర్చున్నాం. ఆఖరి నిమిషంలో విజయనగరం కుర్ర రైడర్ ఒకతె, మధ్యాహ్నం నేను పట్టిన అమ్మాయే, బోనస్ గీత దాటి ఒక్క పాయింటు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. 28–19. సరిగ్గా 9.

మేం ఎగిరి గెంతలేదు. ముందు వెళ్లి ఆ అమ్మాయిలని వాటేసుకున్నాం. వాళ్లకి సెమీస్ లేదు, 7 మైనస్‌తో ఆగిపోయారు. ఆ రాత్రే బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ చివరి బోనస్ తెచ్చిన అమ్మాయి వెళ్తూ నాతో, "నన్ను పట్టినట్టే రేపు వాళ్లనీ పట్టు అక్కా" అంది.

ఆదివారం సెమీఫైనల్. మళ్లీ విశాఖ కాలేజీయే, వేరేది, ఆ టోర్నమెంట్‌లో అన్నిటికంటే గట్టి జట్టు. ఫస్టాఫ్ పదిహేను నిమిషాలయ్యేసరికి 9–16తో వెనకబడ్డాం. ఐదు నిమిషాల విరామంలో మేడం ఆటగురించి ఏమీ చెప్పలేదు. నీళ్లు తాగమన్నారు, బూట్ల లేసులు మళ్లీ బిగించి కట్టుకోమన్నారు.

సెకండాఫ్ చిన్నదాని ఆట. రైల్లో కూత పెట్టిన పిల్ల, ఇక్కడ స్టేడియం చివరిదాకా వినపడేలా కూస్తూ, ఒంగి, కార్నర్ల పక్కన నిలబడే వాళ్ల కవర్ అమ్మాయిల చేతుల కిందనుంచి జారి, మూడుసార్లు రెండేసి పాయింట్లు తెచ్చింది. నేను సిటింగ్ బ్లాక్‌లో ఉన్నప్పుడు రెండుసార్లు నన్ను బతికించింది అదే. తిరిగి గీత దాటగానే నా వైపు చూసి "రా అక్కా" అని చెయ్యూపేది. ఒక్కో పాయింటూ కలుపుకుంటూ 26–27 దాకా వచ్చాం.

ఇంకా నలభై సెకన్లుంది. కూత వాళ్లది. కోర్టులో మేం ముగ్గురమే, నేను, కుడి కార్నర్, కెప్టెన్ అక్క. అంతకుముందు వాళ్లు రెండు రైడ్‌లు ఖాళీగా తిరిగి వెళ్లారు కాబట్టి ఇది మూడో రైడ్. పాయింటు తీసుకోకుండా వెనక్కి వెళ్తే ఆ రైడర్ అవుట్, మాకొక పాయింటు, 27–27. ముగ్గురం కలిసి పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు, 28–27. పట్టబోయి తప్పిస్తే, పట్టుకున్నవాళ్లందరం అవుట్.

ఈ లెక్క ఇప్పుడు రాస్తుంటే ఎంత తేటగా ఉందో. అప్పుడు నా తలలో లేదు. నాకు కనపడింది రైడర్ కుడి మోకాలు. అది వంగింది.

దూకాను. దొరికింది. చీలమండ రెండు చేతుల్లో గట్టిగా ఉంది. లేపాను కూడా. అక్క నడుం పట్టింది, కుడి కార్నర్ ఇంకో కాలు అందుకుంది. నలుగురం ఒకేసారి పడ్డాం. మ్యాట్‌కి నా చెంప ఆనుకుని ఉంది, ఒక కన్నుతో అడ్డంగా కనపడుతోంది. ఆమె చెయ్యి చాచింది. నేను వెనక్కి లాగాను. ఆ చెయ్యి మ్యాట్ మీద అంగుళం అంగుళం పాకింది. మూడు వేళ్లకి ఎర్ర టేపు చుట్టి ఉంది. మధ్యవేలు మధ్య గీత దాటింది.

విజిల్ రిఫరీ నోట్లోంచి వచ్చేసరికి నేనింకా ఆ కాలు వదల్లేదు. ముగ్గురం అవుట్, మూడు పాయింట్లు. జట్టంతా అవుట్, లోనాకి ఇంకో రెండు. 26–32. మిగిలిన కాసిన్ని సెకన్లు ఎలా గడిచాయో గుర్తులేదు.

మేడం మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టారు. నేను ఏడుస్తున్నాను. పట్టొద్దు, వెనక్కుండండి అని తను అరిచారట, ఆ గోలలో వినపడలేదు. నేను క్షమించమని అడగబోతే కెప్టెన్ అక్క నా నోరు మూసింది. "నువ్వు పట్టకపోతే నేను పట్టేదాన్ని" అంది. మేడం కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి చెప్పారు. 2010లో అమ్మాయిల కబడ్డీ పెట్టినప్పటి నుంచి స్వర్ణం మనదే, అలాంటిది ఆ ఏడాది ఫైనల్లో ఇరాన్ చేతిలో 24–27తో పోయింది. ఆ రోజు టీవీ ముందు ఈవిడ కూడా ఏడ్చారట. తర్వాతి ఏషియన్ గేమ్స్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగాయి. ఫైనల్లో చైనీస్ తైపేని మన అమ్మాయిలు 26–25తో, ఒక్క పాయింటుతో గెలిచారు. 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచకప్ ఫైనల్ కూడా చైనీస్ తైపే మీదే గెలిచారు, 35–28. "ఆ ఒక్క పాయింటు మ్యాచ్ రికార్డింగ్ నా ఫోన్లో ఉంది. ఆఖరి రెండు నిమిషాలు ఎలా ఆడారో మనం కూర్చుని చూద్దాం" అన్నారు. ఇంకేం అనలేదు. లేవండి, మధ్యాహ్నం మూడో స్థానం మ్యాచ్ ఉంది అన్నారు.

అది గెలిచాం, 29–22. చిన్నదానికి బెస్ట్ రైడర్ బహుమతి వచ్చింది. చిన్న కప్పు, ఒక ట్రాక్‌సూట్. ట్రాక్‌సూట్ చేతులు మోకాళ్లదాకా వచ్చాయి దానికి.

బస్సుకి ముందు గంటసేపు ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లారు. కురుసుర సబ్‌మెరైన్ బయటినుంచే చూశాం, లోపలికి వెళ్లే టైం లేదు. మురీ మిక్చర్ పొట్లాలు కట్టించుకున్నాం, అందులో నిమ్మరసం పెదవుల పగుళ్లకి తగిలి మండింది. చిన్నది ఎప్పుడూ సముద్రం చూడలేదట. ప్యాంటు పైకి మడిచి మోకాళ్లదాకా దిగి, ఉప్పునీళ్లు మ్యాట్ కాల్చిన చోట తగలగానే కేకపెట్టి వెనక్కి పరిగెత్తింది. మళ్లీ దిగింది. నేనూ దిగాను. ఆ మంట చాలాసేపు ఉంది. కాలికింద ఇసుక జారుతోంది, వేళ్లు దాన్ని పట్టుకుంటున్నాయి. రెండు రోజుల తర్వాత నా పాదాలకి నేల తెలిసింది.

కాంప్లెక్స్‌లో ఎనిమిదింటికి బస్సెక్కాం. తగరపువలస దాటేసరికి ఒక్కరూ మేలుకుని లేరు. నాకు నిద్రపట్టలేదు. కళ్లు మూస్తే ఎర్ర టేపు చుట్టిన వేళ్లు.

సోమవారం సాయంత్రం కాలేజీలో ప్రాక్టీసు. కోర్టుకి నీళ్లు చల్లి ఉంచారు. ఉత్తకాళ్లతో ఎడమ కార్నర్‌లో నిలబడ్డాను. మేడం కాసేపు మామూలు ఆట ఆడించారు. తర్వాత నలుగురిని బయటికి పిలిచి కూర్చోమన్నారు. లోపల నేను, కుడి కార్నర్, కెప్టెన్ అక్క మిగిలాం. ఆవిడ మెళ్లో ఉన్న స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకున్నారు.

"ముగ్గురే ఉన్నారు. మూడో రైడ్. ముప్పై సెకన్లు. ఎవరూ పట్టకూడదు."

అవతల చిన్నది వంగి, మధ్య గీత ముట్టుకుని కళ్లకద్దుకుని, కూత మొదలుపెట్టింది. నా వైపే వచ్చింది. దాని కుడి మోకాలు వంగింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.